వైద్యశాలకి ఏనుగు పాఠం

ముత్తెవాడ రాజ్యంలో ఈ గోలంతా ఒక్క చేపముల్లుతో మొదలైంది. రత్నకేతు మహారాజు గొంతులో అది ఇరుక్కుంది. ప్రధాన వైద్యుడు వరదాభట్టు అన్నం ముద్ద మింగించి దాన్ని దింపేశాడు. ఆపైన నోరు మూసుకుని ఇంటికి పోవచ్చు కదా? పోలేదు.

"మహాప్రభూ, ముల్లు దించాలంటే ముందు చేప పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. వైద్యశాలలో చేరేవాళ్ళు విద్యాలయంలో చేప పాఠం చదివి తీరాలి" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. రాజుకి రోగం దేనివల్ల వస్తే దాని పాఠం చదివినవాడికే వైద్యశాలలో చోటని శాసనం వేయించేశారు.

ఇక చూడండి నా సామిరంగా! రాజుగారు ఏనుగు మీంచి జారిపడ్డారు, ఏనుగు పాఠం వచ్చింది. పనసతొనలు ఎక్కువై కడుపు ఉబ్బింది, పనస పాఠం వచ్చింది. చెవిలో చీమ దూరింది, చీమ పాఠం పెట్టారు. ఏ పాఠమైతే దాన్ని విద్యాలయం ముంగిట్లో గుంజకి కట్టేస్తారు. పిల్లలు ఏడాది పొడుగునా దాని పళ్ళు లెక్కపెట్టి, నాలుక చూసి, తోక కొలవాలి. చీమని గుంజకి ఎలా కట్టారని నన్నడక్కండి. కట్టారు.

చదివేవాళ్ళ గడ్డాలు నెరిశాయి గానీ ఒక్కడూ వైద్యుడు కాలేదు. రాజ్యం మొత్తానికి వరదాభట్టు ఒక్కడే దిక్కు. ఆయనగారికి కావలసిందీ అదే.

ఆ ఏడాది వైద్యశాల ప్రవేశాల రోజున రాజుగారు విద్యాలయం ముంగిట్లోనే కొలువుతీరారు. ఏటి అవతలి నుంచి పేరిందేవి అనే కుమ్మరివాళ్ళమ్మాయి వచ్చి నిలబడింది.

"ఏనుగు చదివావా?" అన్నాడు వరదాభట్టు.

"లేదండి. మనిషి ఒళ్ళు చదివానండి. ఎముకలు, నెత్తురు, ఊపిరి..."

"పనస?"

"తిన్నానండి. చదవలేదు."

"చీమ కూడా రాదన్నమాట! ఫో, ఫో!"

ఆ పిల్ల కదల్లేదు. "మహారాజా, మా తమ్ముడికి జ్వరమొస్తే ఈయన దగ్గరికని బండి కట్టాం. దారిలోనే పోయాడు. మా ఏటి అవతల వైద్యుడే లేడండి. వాడి ఒంట్లో ఏం జరిగిందో తెలుసుకోవాలనే చదివాను. వాడికి ఏనుగుతో పనేముందండీ?"

రాజుగారి కళ్ళు చెమర్చాయి. కానీ ఏం చేస్తారు? "శాసనం శాసనమే తల్లీ" అన్నారు దిగులుగా.

"చూశావా!" అంటూ వరదాభట్టు ఏనుగు పాఠం గొప్పతనం మీద ఉపన్యాసం అందుకున్నాడు. తొండం నుంచి బయల్దేరాడు. ఎంతసేపటికీ తోక దగ్గరికి రాడే!

రాజుగారి పక్కన సింగన్న అనే కొలువుగాడున్నాడు. కబుర్లు చెప్పడమే అతని ఉద్యోగం. రాజుగారు కణతలు నొక్కుకోవడం అతని కంట పడింది.

"ప్రభూ, తలనొప్పా?"

"బద్దలైపోతోందయ్యా!"

"ఎప్పట్నించి?"

"ఈయన నోరు విప్పినప్పట్నించి!"

సింగన్న చేతులు జోడించాడు.

"అయితే శాసనం ప్రకారం ఇవాళ్టి నుంచి వరదాభట్టు పాఠం పెట్టాలి."

వరదాభట్టు మొహం వెలిగిపోయింది. "నా మీద పాఠమా! ఎన్నాళ్ళకి గుర్తించారు ప్రభూ!"

"పెట్టాల్సిందే!" అన్నారు రాజుగారు.

"ఎవరక్కడ, తాడు తెండి" అన్నాడు సింగన్న. "ఏనుగు పక్కన గుంజ ఖాళీగా ఉంది."

"తాడెందుకు?" అనేలోపే భటులు ఆయన్ని గుంజకి కట్టేశారు. గడ్డాలు నెరిసిన శిష్యులంతా దారాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"గురువుగారూ, నోరు తెరవండి, పళ్ళు లెక్కపెట్టాలి!"

"తోక కనపడ్డం లేదండీ!" అన్నాడొకడు వెనక నుంచి.

"తొందరపడకు నాయనా, ఏడాది టైముంది. నిదానంగా వెతుకు" అన్నాడు సింగన్న. పక్క గుంజ దగ్గర ఏనుగు గురువుగారి తలపాగా తీసి నమలడం మొదలెట్టింది.

వరదాభట్టు లబోదిబోమన్నాడు. "అన్యాయం ప్రభూ! నొప్పి మీ తలలో ఉంటే నన్ను కొలవడమేమిటి? తల సంగతి తెలిస్తే చాలదూ?"

సింగన్న తాపీగా అడిగాడు.

"మరి ముల్లు గొంతులో ఉంటే చేపనెందుకు కొలిపించారండీ?"

రాజుగారు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకి తలనొప్పి ఎగిరిపోయింది. కొలువంతా గొల్లుమంది. గుంజ దగ్గరి శిష్యులు కూడా ఆపుకోలేకపోయారు.

"శాసనం రద్దు!" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. "మనిషి ఒళ్ళు చదివితే చాలు. మిగతావి ఎవరికిష్టమైతే వాళ్ళు చదువుకోండి. పేరిందేవీ, నీ చోటు నీదేనమ్మా!"

ఆ పిల్ల కళ్ళనీళ్ళతోనే నవ్వింది. "చీమలంటే నాకిష్టమేనండి. తీరిగ్గా చూసుకుంటాను."

రాజుగారు తన చేతి కంకణం తీసి సింగన్న చేతికి తొడిగారు. ఏనుగుని విప్పారు. చీమనీ విప్పారు. ఆ నవ్వుల్లో వరదాభట్టుని విప్పడం మాత్రం ఎవరికీ గుర్తురాలేదు.