ఇస్త్రీపెట్టె కింద కొత్త నోటు

మా రాజ్యంలో కాగితం నోట్లు పోయి ప్లాస్టిక్ నోట్లు వచ్చాయి. "ఇవి పాడవవు. పాడైందన్నవాడికి పది కొరడా దెబ్బలు" అని మంత్రిగారు దండోరా వేయించారు.

యాభై ఏళ్లుగా జేబుల్లో తడిసిన నోట్లను ఇస్త్రీ చేసి ఆరబెట్టిన మొనగాణ్ణి నేను. అదే తెలివితో, ఉతకడానికి వేసిన మంత్రిగారి జుబ్బాలో దొరికిన కొత్త నోటు మీదా నిప్పుల ఇస్త్రీపెట్టె పెట్టాను. అది చింతగింజంత ముడుచుకుంది.

మంత్రిగారు నన్ను రాజుగారి ముందుకు ఈడ్చారు. "నోటు పాడుచేశాడు ప్రభూ. ఈ పైడయ్యను కొరడాతో కొట్టించండి."

"పాడైందని నేననలేదు బాబయ్యా, తమరే అన్నారు. ఆ పది దెబ్బలూ తమరివే. పాడవలేదంటారా, ఇదిగో తమ నోటు."

మంత్రిగారు ఆ చింతగింజ అందుకున్నారు. రాజుగారు మెచ్చి నాకొక కొత్త నోటిచ్చారు. చొక్కా జేబులో దాచుకున్నాను.

మర్నాడు ఆ చొక్కాకే ఇస్త్రీ చేశాను. పాడైందని ఇప్పుడు ఎవరితో అనగలను?