కొంగ మెచ్చిన మెట్లు

అనగనగా ఒక ఏరు, ఆ ఏటి పేరు నీలవేణి. ఆ ఏటి ఒడ్డున ఒక రాజు, ఆయన పేరు కీర్తిసేనుడు. పేరుకు తగ్గట్టే ఆయనకు పొగడ్తలంటే ప్రాణం.

పొలాలకు నీళ్లివ్వాలని రాజు ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. పంటలు బాగానే పండాయి. కానీ ఏటా వానాకాలపు వరదతో ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చి, ఎగువన గుడ్లు పెట్టే పులస చేపలు గోడ దగ్గరే ఆగిపోయాయి.

ఎగువ పల్లె జాలరులకు పెద్దదిక్కు నూకాలమ్మ. ఆమె సభకు వచ్చి, "మారాజా, మా రేవులో పులస కంటికి కనబడట్లేదు. పిల్లలకి ఏం పెట్టమంటారు?" అంది.

రాజు మనసు మంచిదే. వెంటనే గోడ పక్కన చేపల కోసం నున్నటి పాలరాతి మెట్లు కట్టించి, పైనుంచి నీళ్లు వదిలించాడు. పగలంతా అక్కడే నిలబడే ధవళుడనే కొంగను పిలిచి, మెట్లు ఎలా ఉన్నాయని అడిగాడు.

"అద్భుతం ప్రభూ! చేపలు గుంపులు గుంపులుగా వస్తున్నాయి" అంది కొంగ. అది అబద్ధం కూడా కాదు. రాజు మురిసిపోయి దాని మెడలో ముత్యాల హారం వేశాడు.

మరుసటి ఏడు నూకాలమ్మ, పులస ఇంకా పైకి రావట్లేదంటూ మళ్లీ వచ్చింది. రాజు మెట్ల మీద పూలపందిరి వేయించి, మళ్లీ కొంగనే అడిగాడు.

"ఇంకా అద్భుతం ప్రభూ!" అంది కొంగ. అప్పటికే దానికి బొజ్జ పెరిగి ఎగరడం కష్టమైంది.

మూడో ఏడు నూకాలమ్మ ఖాళీ బిందెతో వచ్చింది. "కొంగని అడిగింది చాలు మారాజా. నాతో రండి" అంది.

మెట్ల దగ్గర ఒక తల్లి పులస రొప్పుతోంది. దాని కడుపు నిండా గుడ్లు. ఎగిరింది, పడింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది.

"ఇంత అందమైన మెట్లు కట్టించానే! ఎందుకమ్మా ఎక్కవు?" అన్నాడు రాజు నొచ్చుకుంటూ.

"అందానికేం లోటు లేదు స్వామీ. ఎర్రనీరు తగ్గేలోగా పైకి చేరకపోతే నా పిల్లలు పుట్టరు. ఒక్కసారి మీరే నీటికి ఎదురెక్కి చూడండి" అంది చేప.

రాజు పంచె ఎగగట్టాడు. మొదటి మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీద తూలాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టీ పెట్టకముందే వెల్లకిలా పడ్డాడు. కిరీటం ఏట్లో కొట్టుకుపోయింది. లేచి చూస్తే చుట్టూ అలసిపోయిన చేపలు, పక్కనే తీరిగ్గా భోంచేస్తున్న కొంగ. రాజుకు సిగ్గుతో తల వాలిపోయింది.

"తల్లీ, ఎలాంటి దారి కావాలో నువ్వే చెప్పు" అన్నాడు.

"వాలుగా ఉండాలి. మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి మడుగులుండాలి. మేము నీటి హోరును పట్టుకుని వస్తాం కాబట్టి, వాకిలి ఆ హోరు పక్కనే ఉండాలి."

అప్పటికప్పుడు రాజు ఆ చేపను నూకాలమ్మ బిందెలోకి తీసుకుని, భుజాన పెట్టుకుని, స్వయంగా ఎగువ నీటిలో వదిలాడు.

మరుసటి ఏటికి కొత్త దారి సిద్ధమైంది. ఈసారి రాజు పై వాకిలి దగ్గర కూర్చున్నాడు. అన్ని చేపలూ ఎక్కలేదు, కొన్ని సగంలోనే వెనుదిరిగాయి. అయినా చాలా చేపలు తళతళలాడుతూ పైకి వచ్చాయి. రాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అవి గుడ్లు పెట్టేదాకా నూకాలమ్మ పల్లెలో ఎవరూ వల విప్పలేదు.

కొంగకు మాత్రం ఆ దారి అస్సలు నచ్చలేదు. కానీ దాన్ని ఎవరూ అడగలేదు.

పిల్లలూ, దారి ఎలా ఉందో ఆ దారిన వెళ్లేవాళ్లను అడగాలి గానీ, దారి పక్కన నిలబడి పొట్ట నింపుకునేవాళ్లను అడగకూడదు.