వాంబాట్ మామ సరిచేసిన లెక్క

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మా చిన్నప్పటి కథల్లో సింహాలూ నక్కలూ ఉండేవి, ఫుట్‌బాల్ ఉండేది కాదు. మీరు పెరుగుతున్న ఈ ఆస్ట్రేలియాలో సింహాలు లేవు కాబట్టి ఇక్కడి జంతువులతోనే సర్దుకుంటున్నాను. ఆట సంగతి ఎక్కడైనా తప్పు చెబితే నవ్వండి. కాకపోతే కథ అయ్యాక నవ్వండి.

అనగనగా యూకలిప్టస్ చెట్ల అడవి ఒకటి. అక్కడ ప్రతి శనివారం కంగారూలకూ ఈము పక్షులకూ ఫుట్‌బాల్ పోటీ జరిగేది. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని రెండు పొడవాటి కర్రల మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. కర్రలు దాటేలోగా అవతలి జట్టు ముట్టుకుంటే ఒక్కటే.

అంపైరు వాంబాట్ మామ. వాంబాట్ అంటే బొరియల్లో ఉండే బుల్లి ఎలుగుబంటి లాంటి జంతువు. పొట్టి కాళ్ళు, లావు పొట్ట, మందమైన చూపు. ఆటకు ఇన్ని దుంపలని జీతం తీసుకునేవాడు. తిన్న ప్రతి దుంపకూ న్యాయం చేశానా అని దిగులుపడేవాడు.

ఒక శనివారం కంగారూల నాయకుడు బంతిని కర్రల మధ్యకు తన్నాడు. వాంబాట్ ఆరు పాయింట్లు ఇచ్చేశాడు. తర్వాత చూస్తే బంతికి ఈము ఈక అంటుకుని ఉంది.

"దుంపలు ఎక్కువై నిద్రొస్తోందా మామా?" అన్నాయి ఈములు.

తప్పు ఒప్పుకుంటే రేపటి నుంచి తన ఈలను ఎవరు లెక్కచేస్తారని వాంబాట్ భయం. ఈములకూ ఒక ఆరు పాయింట్లు దక్కేలా చేస్తే సరిపోతుందిలే అనుకున్నాడు.

కంగారూల జట్టులో కొత్తగా చేరిన వాలబీ ఒకటి ఉంది. వాలబీ అంటే చిన్న కంగారూ లాంటిదే. ఆ రోజు తప్పు లేకుండా ఆడితేనే జట్టులో చోటు అని నాయకుడు దానికి ముందే చెప్పాడు. అది ఒక ఈము పక్క నుంచి వెళ్ళింది, అంతే. వాంబాట్ ఈల ఊదాడు. వాలబీ తోసిందని చెప్పి ఈములకు ఫ్రీ కిక్, అంటే ఎవరూ అడ్డురాకుండా బంతిని తన్నే అవకాశం, ఇచ్చాడు. ఈములకు ఆరు పాయింట్లు వచ్చాయి. లెక్క సరిపోయిందని వాంబాట్ తన తెలివికి తానే మురిసిపోయాడు.

కంగారూలు మాత్రం వాలబీ మీద విరుచుకుపడ్డాయి. వచ్చే వారం నువ్వు రానక్కర్లేదని నాయకుడు దానితో అనడం వాంబాట్ చెవిన పడింది. అయ్యో అనిపించింది. సరే, దీన్నీ సరిచేద్దామనుకున్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే వాలబీకి ఫ్రీ కిక్ ఇచ్చాడు. సరిగ్గా కర్రలకు ఎదురుగా నిలబెట్టి, బంతి చేతిలో పెట్టాడు.

వాలబీ తన్నలేదు.

"నన్నెవరూ తొయ్యలేదు మామా," అంది. "ఇందాక నేనూ ఎవరినీ తొయ్యలేదు. లేని తప్పుకు వచ్చిన ఈ బంతిని తన్నేస్తే, ఇందాకటి తప్పు నాది కాదని ఏ మొహంతో చెప్పుకోను?"

వాంబాట్ ఆట ఆపాడు. అందరినీ పిలిచి మూడు తప్పులూ చెప్పేశాడు.

"మొదటిది నా కళ్ళు చేసిన తప్పు," అన్నాడు. "మిగతా రెండూ నేనే చాలా శ్రద్ధగా చేశాను."

రెండు జట్లూ కలిసి తిట్టాయి. అవి ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఎక్కువిచ్చిన పాయింట్లు రెండువైపులా కోత పడ్డాయి. నాయకుడు తల వంచుకుని వాలబీ దగ్గరికి వెళ్ళాడు. వచ్చే వారం పెందలాడే రమ్మన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "నీకు చెప్పడం లేదు మామా," అన్నాడు.

మరుసటి శనివారం వాంబాట్ బయట కూర్చుని ఆట చూశాడు. అక్కడి నుంచి అంపైరు పని చాలా తేలిగ్గా కనిపించిందట.

నీతి: తప్పు చేస్తే వెంటనే ఒప్పుకోవాలి. దాన్ని ఇంకో తప్పుతో సరిచేయబోతే, ఆ భారం ఏమీ చేయనివాళ్ళ మీద పడుతుంది.

పిల్లలూ, ఈ కథను మీకన్నా చిన్నవాళ్ళకు చెప్పండి. మాట తడబడినా సరే, తెలుగులోనే చెప్పండి.