పేరు లేని తాటాకు

ఒకానొక రాజ్యంలో, వేణుకొండ అని పిలుచుకుందాం, మాట్లాడటానికంటూ ఒక బండ ఉండేది. అంగడివీధి నడుమ, నడుమెత్తున, నలుగురు కూర్చోగలిగేంత నల్లరాయి. దాన్ని మాటబండ అనేవారు. దానిమీదికి ఎక్కి ఎవరైనా, ఎవరినైనా, ఏమైనా అనవచ్చు. రాజును సైతం అనవచ్చు. దిగాక శిక్ష ఉండదు. అప్పటికి ఏలుతున్న రణధీర భూపాలుడి ముత్తాత పెట్టిన ఆచారం అది.

ఆ ముత్తాత గట్టివాడు. బండ పక్కనే ఒక లేఖకుణ్ణి కూడా కూర్చోబెట్టాడు. బండమీద అన్న ప్రతి మాటా తాటాకుకు ఎక్కాలి. ఏ రోజు అన్నారో, ఎంతమంది విన్నారో రాయాలి. అన్నవారి పేరు మాత్రం రాయకూడదు. "పేరు కనబడితే మాట కనబడదు" అనేవాడట ఆయన.

నిజమే. మేము కాలేజీలో చదివే రోజుల్లో ఒక లెక్చరరుగారు జవాబు పత్రాలమీద పేర్లు మూసేసి దిద్దేవారు. ఆ ఏడు ఫస్టు వచ్చినవాణ్ణి చూసి అందరికంటే ఎక్కువ బాధపడింది ఆయనే. సరే, వేణుకొండకు వద్దాం.

వేణుకొండ కోటకు కొత్త సింహద్వారం పెట్టాలనుకున్నారు. చిక్కు అక్కడ మొదలైంది. తూర్పున పెట్టాలని తూర్పువాడ, పడమట పెట్టాలని పడమటివాడ. ఎటునుంచి వెళ్ళినా లోపల ఉన్నది ఒకటే కోట అని ఎవరికీ తోచలేదు. మూడు నెలలు తిరిగేసరికి తూర్పువాడ పెరుగు పడమటివాడ ముట్టడం మానేసింది. ఊళ్ళో క్షురకులందరూ తూర్పువాడలోనే ఉండేవారు. పడమటి గడ్డాలు గీసేది లేదన్నారు వాళ్ళు. దాంతో పడమటివాడకు గడ్డాలు పెరిగాయి. ఇంకో నెలకు ఆ గడ్డాలే వాళ్ళ జెండా అయ్యాయి. మొలవనివాళ్ళు మసి పూసుకున్నారు.

మాటబండమీద మాట కూడా అలాగే పెరిగింది. మొదట్లో "వాళ్ళు పొరబడ్డారు" అనేవారు. తరువాత "వాళ్ళు మూర్ఖులు" అన్నారు. ఆ తరువాత "వాళ్ళు ద్రోహులు." మనిషిని ద్రోహి అన్నాక ఇక వాడితో మాట్లాడే పని ఉండదు కదా. కర్ర వెతుక్కోవడమే.

ఈ రెండు వాడల మధ్య సందులో గానుగ ఆడించుకునే సూరమ్మ ఎటూ చేరలేదు. వారానికో రోజు, పని అయ్యాక, నూనె చేతులు కొంగుకు తుడుచుకుంటూ బండ ఎక్కేది. ఆమె ఎక్కిందంటే చాలు, బేరం చేసేవాళ్ళు బేరం వదిలి, పొయ్యిమీద కూర పెట్టిన ఆడవాళ్ళు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చేవారు. గడ్డమున్నవాళ్ళూ లేనివాళ్ళూ పక్కపక్కన నిలబడి నవ్వేవారు.

రాజుగారి మేడమీదినుంచి మాటబండ బాగా కనబడేది. అదే ఆయన దురదృష్టం.

ఆయన కూడా ఏడాదికోసారి, విజయదశమినాడు, బండ ఎక్కేవాడు. ఆ రోజు రాజు తప్ప మరెవరూ ఎక్కకూడదు. ముందు రోజే దండోరా వేయించి అంగళ్ళు మూయించేవారు. వీధి రెండు చివరలా భటులు నిలబడేవారు. ఉపన్యాసం ఆస్థాన పండితుడు నృసింహభట్టు రాసేవాడు. రాజు దాన్ని గొంతెత్తి చదివేవాడు. జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోయేవారు. ఎవరూ గరిటెతో వచ్చేవారు కారు.

అసూయ విచిత్రమైన జబ్బు. శత్రురాజు పదివేల ఏనుగులు కూడబెట్టాడంటే రణధీర భూపాలుడు నిద్రపోగలిగేవాడు. గానుగ ఆడించే సూరమ్మకు మూడు వందలమంది నవ్వారంటే మాత్రం అన్నం సహించేది కాదు. "ఏమంటుంది ఆమె? అంత నవ్వు ఎందుకు?" అని భటులను పంపి కనుక్కునేవాడు. వాళ్ళు వచ్చి చెప్పబోయి, తామే నవ్వేసి, తిట్లు తినేవారు.

ఇలా ఉండగా దసరా వెళ్ళిన వారానికి సంతలో ఘోరం జరిగింది. తూర్పువాడ వస్తాదు ఒకడు పడమటివాడ సాలె పోలయ్య తలమీద దుడ్డుకర్రతో కొట్టాడు. పోలయ్య బతికాడు గానీ ఎడమ చెవి వినబడకుండా పోయింది. వస్తాదును చెరలో వేశారు.

రాజుకు బాధ కలిగింది. నిజంగానే కలిగింది. ఆ బాధ వెనకే, చెప్పులు చేతపట్టుకుని దొంగలా, ఒక సంతోషం కూడా వచ్చింది.

"ఇదంతా బండమీది మాటలవల్లే కదా" అన్నాడు సభలో. "విషం కక్కేవాళ్ళు కక్కుతూ ఉంటే తలలు పగలవా? ఆ సూరమ్మను దేశం దాటించండి. ఆ బండను పగలగొట్టండి."

నృసింహభట్టు "దూరదృష్టి" అని తలూపాడు. అతనికీ సూరమ్మంటే పడదు. అతను అలంకారాలతో సహా రాసిన పద్యానికి ఇద్దరు తలలూపితే, ఆమె ఎద్దు గురించి చెప్పినదానికి ఊరంతా నవ్వేది.

అప్పుడు మాటబండ దగ్గర ఇరవై ఏళ్ళుగా గంటం పట్టి రాస్తున్న కొమ్మన లేచాడు. సభలో కాస్త చమత్కారి అని అతనికి పేరు.

"ప్రభూ, రేపు బయటిదేశంవాళ్ళు ఏ మాటకు ఆమెను పంపారని అడిగితే ఏం చెప్పమంటారు?"

"ఆమె మాటల ఆకులు తీసుకురా. చదువు. నేనే చూపిస్తాను."

"ఏది ఆమెదో ఆకు చెప్పదు ప్రభూ. ముత్తాతగారి కట్టడి."

"నీకు తెలుసుగా. నువ్వు చెప్పు."

"నేను చెబితే, కొమ్మన చాడీ చెప్పాడు, రాజు నమ్మాడు అంటారు. పేరు వినకుండా, మాట మాత్రమే విని తమరు తీర్పు ఇచ్చారనుకోండి, ముత్తాతగారే తిరిగి పుట్టారంటారు."

రాజుకు ఆ మాట నచ్చింది. సూరమ్మను పిలిపించారు. ఆమె గానుగ దగ్గరినుంచి అలాగే వచ్చి, స్తంభం పక్కన నిలబడింది. కొమ్మన మూడు ఆకులు తెచ్చాడు.

మొదటి ఆకు చదివాడు. "మా ఎద్దుకు గంతలు కడితేగానీ గానుగ చుట్టూ తిరగదు. మీరైతే ఎవరూ కట్టకుండానే తిరుగుతున్నారు. ముందే తెలిసుంటే మిమ్మల్నే కట్టుకునేదాన్ని, ఎద్దు మేత మిగిలేది."

సభ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మీసం కూడా కదిలింది. వెంటనే దాన్ని వేలితో సర్దుకున్నాడు.

"ఎంతమంది విన్నారు?"

"మూడు వందలు. మిట్టమధ్యాహ్నం ఎండలో."

రాజు పళ్ళు నూరుకున్నాడు. అయినా ఎద్దును గురించి అన్న మాటకు మనిషిని దేశం దాటించడం ఎలా? "కానీ, తరువాతది చదువు."

రెండో ఆకు. "తూర్పువాడ పెరుగులో విషముంది. తిన్నవాళ్ళకు గడ్డం రాలిపోతుంది."

"ఎంతమంది?"

"ఎనభై."

"ఎనభైమందేగా, పోనీ. వాళ్ళే మరిచిపోతారు."

కొమ్మన మూడో ఆకు తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నా మాటకు ఎదురాడే తల, తల కాదు, మట్టికుండ. కుండ ఉన్నది పగలడానికే. పగలగొట్టిన చేతికి పాపమంటదు."

సభ గతుక్కుమంది. సూరమ్మ చెవులు మూసుకుంది. నృసింహభట్టు ముఖం మాత్రం ముందు వెలిగి, తరువాత పాలిపోయింది.

"ఎంతమంది?" అన్నాడు రాజు.

"నాలుగు వేలు ప్రభూ. చివరిదాకా ఒక్కరూ కదల్లేదు."

రాజు సింహాసనంలో ముందుకు జరిగాడు. "నాలుగు వేలా? ఒక్కరూ కదల్లేదా?"

"ఆఖరున చప్పట్లు కూడా కొట్టారు."

ఏ రోజున అని రాజు అడగలేదు. అసూయపడేవాడు ఎప్పుడని అడగడు, ఎంతమంది అనే అడుగుతాడు.

"భట్టుగారూ, ఈ మాటల శైలి ఎలా ఉందంటారు?"

పాపం భట్టు. నాసిగా ఉందంటే తన ప్రాణం ఒప్పుకోదు. బాగుందంటే తీర్పు ఎటు పోతుందో తెలియదు. చివరికి, ఏ రచయితకైనా ఏది గెలుస్తుందో అదే గెలిచింది. "శైలి మాత్రం... ఉదాత్తంగా ఉంది ప్రభూ."

"మరి నాకు రాసేటప్పుడు ఇంత బాగా ఎందుకు రాయరు?"

భట్టు పైకప్పు దూలాలు లెక్కపెట్టసాగాడు.

"దొరికింది" అన్నాడు రాజు. "పోలయ్య తల పగలగొట్టింది ఈ మాటే. రాయండి. ఈ మాట అన్నవారు, ఎంతవారైనా సరే, పొద్దు గుంకేలోగా పొలిమేర దాటాలి. ఈ మాట పలికించిన బండ ముక్కలు కావాలి."

"ఏలికా, ఆ మాట నాది కాదు" అంది సూరమ్మ. కొమ్మన వైపు తిరిగింది. "ఏం కొమ్మన్నా, నా గానుగ నూనెతోనేగా ఇంట్లో దీపం పెట్టుకుంటావు. ఇలాంటి మాట నా నోట ఎప్పుడు విన్నావు?"

"కాసేపు ఊరుకో వదినా" అన్నాడు కొమ్మన, ఆమె వైపు చూడకుండా.

రాజు ఉంగరం తీసి లక్కమీద నొక్కాడు. ముద్ర పడింది. దళవాయి ఆజ్ఞాపత్రం అందుకుని, "ఎవరిని తీసుకెళ్ళమంటారు?" అన్నాడు.

కొమ్మన తాటాకు అంచు వెలుతురుకు పట్టి చదివాడు. "ఆశ్వయుజ శుద్ధ దశమి."

ఆ రోజు బండ ఎక్కేది ఎవరో సభలో తెలియనివాళ్ళు లేరు. వీధి చివర భటులు కదలనివ్వని నాలుగు వేలమంది ఎవరో కూడా అందరికీ తెలిసింది. ఆఖరున రాజుకూ తెలిసింది. ఇంతసేపూ ఆయన కుళ్ళుకున్నది తన మీదే.

మెల్లగా పండితుడి వైపు తిరిగాడు. "ఇది మీరు రాసినదా?"

"ప్రభువులు పలికినది."

"నేను పలికానా?"

"ఎంతో గంభీరంగా పలికారు."

చదివినవాడికి గుర్తులేదు, రాసినవాడు మరిచిపోలేదు. ఇతరులు రాసిపెట్టిన మాటలు పలికే పెద్దలందరికీ వచ్చే తిప్పలే ఇవి.

రాజు ముఖం కందగడ్డలా అయింది. "అది అలంకారం కోసం అన్న మాట. నేను నిజంగా తలలు పగలగొట్టమంటానా?"

"తమరు అలంకారంగానే అన్నారు ప్రభూ. దుడ్డుకర్ర పట్టినవాడు అలంకారశాస్త్రం చదవలేదు."

"కొమ్మనా, నువ్వు హద్దు మీరుతున్నావు."

"హద్దు సంగతే అడగబోతున్నాను. బండమీది మాటకు శిక్ష లేదన్న ఆచారం ఉందంటే తమరూ ఇక్కడే ఉంటారు, సూరమ్మా ఇక్కడే ఉంటుంది. లేదంటే ముద్ర పడిపోయింది. పల్లకి ఏ పొలిమేరకు సిద్ధం చేయమంటారు, తూర్పుకా, పడమటికా?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఈసారి రాజు గొంతులో దర్పం లేదు.

"అయితే పోలయ్య చెవి మాటేమిటి? ఎవరు ఏమన్నా గాలికి పోవలసిందేనా?"

అది నిజమైన ప్రశ్న. కొమ్మన కూడా చమత్కారం పక్కన పెట్టాడు.

"కొట్టిన చేతికి చెర ఉంది ప్రభూ. మాటకు చెర వేస్తే, రేపు తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళకు నచ్చనివాళ్ళంతా లోపలే ఉంటారు. మాటకు ఉన్నది జవాబు. బండమీద అన్నదానికి బండమీదే చెప్పాలి. అన్నవారే చెబితే ఇంకా మంచిది."

ఆ సాయంత్రం దండోరా లేదు. అంగళ్ళు మూయించలేదు. భటులు రాలేదు. రణధీర భూపాలుడు నడిచి వచ్చి బండ ఎక్కాడు. చేతిలో భట్టు రాసిన ఆకు లేదు. ఎదురుగా, తలకు గుడ్డ కట్టుకుని, పోలయ్య నిలబడి ఉన్నాడు.

"దశమినాడు నేనొక మాట అన్నాను" అన్నాడు రాజు. "అది నాకు రాసి ఇచ్చినది... కాదులే. అన్నది నేను. తల కుండ కాదు. పోలయ్యా, వినబడుతోందా?"

"కుడిపక్క వినబడుతోంది దొరా. కాస్త గట్టిగా అనండి."

ఒకసారి అనడమే కష్టం. రెండోసారి, గట్టిగా అనవలసి వచ్చింది. "తప్పు నాది."

ఉప్పు అమ్మేవాడు తక్కెడ దించాడు. ఒక ఆమె కూరగాయల బుట్టతో ఆగింది. గడ్డాలవాళ్ళు ఇటునుంచి, నున్నటి బుగ్గలవాళ్ళు అటునుంచి వచ్చి చేరారు. రాజు తడబడుతూ, మధ్యలో మాటలు వెతుక్కుంటూ, సొంతంగా మాట్లాడాడు. అందులో ఒక్క అలంకారమూ లేదు. ఒక్కరూ కదల్లేదు.

ఆయన దిగుతూ ఉంటే సూరమ్మ మూతి ముడుచుకుని నిలబడి ఉంది.

"ఇదేం బాగాలేదు ఏలికా. ఆరేళ్ళు గొంతు చించుకుని పోగేసుకున్న జనం. ఒక్కపూటలో ఎత్తుకుపోతారా?"

రాజు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె వేళాకోళం సగమే. మిగతా సగం ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పకపకా నవ్వాడు. అలా నవ్వడం వేణుకొండ ఎన్నడూ చూడలేదు.

ఆజ్ఞాపత్రాన్ని తన చేతులతోనే చింపేసి, కొమ్మనను పిలిచాడు. "నిజం చెప్పు. నేను అనుమానించి ముద్ర వేయకుండా ఉంటే, ఈమెను పంపించేసి ఉంటే, ఏం చేసేవాడివి?"

"నేనూ పొలిమేర దాటేవాణ్ణి ప్రభూ. మూట కట్టుకునే వచ్చాను, ఆ కొట్టు అరుగుమీద ఉంది."

రాజు నమ్మలేదు. మూట తెప్పించి విప్పించాడు. రెండు పంచెలు, ఒక గంటం, ఒక అటుకుల పొట్లం.

"ఇవి ఇద్దరికి ఎలా సరిపోతాయయ్యా?"

"నూనె సూరమ్మ తెచ్చుకునేది కదా ప్రభూ, వేయించుకుని తినేవాళ్ళం."

రాజు బండను పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వుతూనే భుజంమీది పట్టుశాలువా, చేతి కంకణం తీసి మూటలో పెట్టి, తానే ముడి వేసి కొమ్మన భుజానికి ఎత్తాడు. "ఇక ఇంటికి మోసుకుపో. పొలిమేర వైపు అడుగు వేశావో, పల్లకి పంపి పట్టి తెప్పిస్తాను."

నృసింహభట్టు ఆ శాలువా మూటలోకి పోవడం చూశాడు. ఉండబట్టలేకపోయాడు. దగ్గరికి వచ్చి సన్నగా అన్నాడు. "ప్రభూ, ఎంతైనా ఆ శైలి నాదే కదా."

అటుకుల పొట్లం మూటలో పట్టక రాజు చేతిలోనే మిగిలిపోయింది. దాన్ని పండితుడి దోసిట్లో పెట్టి ఆయన మళ్ళీ నవ్వు మొదలుపెట్టాడు.

"మీకు ఇవి భట్టుగారూ. దాచుకోండి. ఈసారి అంత ఉదాత్తంగా రాస్తే దారికి పనికొస్తాయి."