అర్థమైంది సార్

గోవర్ధనం ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. లెక్కలు, సైన్సు చెబుతాడు. ఉపాధ్యాయుల శిక్షణ ముగిసిన సాయంత్రం అతను ఇంటికి పోలేదు. చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన అచ్యుతం మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. తెచ్చిన కమలాపళ్ళు ఆయన ముందు పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు.

"ఈ ఉద్యోగం మానేస్తాను మాస్టారూ."

"ఏం?"

"ఏటా శిక్షణకు వెళుతున్నాను. వాళ్ళు చెప్పిందల్లా నేర్చుకొస్తున్నాను. గొంతు పోయేలా చెబుతున్నాను. అర్థమైందా అంటే, అర్థమైంది సార్ అని బడి కప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. పరీక్ష పెడితే తెల్లకాగితాలు! ఐదో తరగతికి తీసివేత రాదు. రాళ్ళకు చెప్పినట్టుంది."

మాస్టారు ఒక పండు తొక్క వలిచారు. ఇంకొకటి వలవకుండా తీసుకుని, అరుగు పక్కనున్న నీళ్ళ బకెట్టు దగ్గర కూర్చున్నారు.

"ఈ రెండూ నీళ్ళలో వేస్తే ఏది తేలుతుందిరా?"

గోవర్ధనం బకెట్టు వైపు చూడనైనా చూడలేదు. "తొక్క తీస్తే బరువు తగ్గుతుంది కదండీ. వలిచింది తేలుతుంది, వలవనిది మునుగుతుంది" అన్నాడు. అంతటితో ఆగలేదు. బరువు గురించీ నీటి గురించీ శిక్షణలో విన్నదంతా వివరించాడు. చివర అలవాటు కొద్దీ, "అర్థమైందా?" అన్నాడు.

మాస్టారు చేతులు కట్టుకుని, పిల్లల్లాగే రాగం తీశారు. "అర్థమైంది సా...ర్!"

గోవర్ధనానికి నవ్వొచ్చింది. మాస్టారు నవ్వలేదు. పళ్ళు రెండూ నీళ్ళలో వదిలారు.

తొక్క ఉన్న పండు తేలింది. వలిచిన పండు అడుక్కి పోయింది.

గోవర్ధనం వంగి బకెట్టులోకి చూశాడు.

"నేను చెప్పింది తప్పని మీకు తెలుసు. మరి అర్థమైందని ఎందుకన్నారండీ?"

"కాలేదంటే మళ్ళీ మొదటినుంచీ చెబుతావుగా."

గోవర్ధనం చెయ్యి నీళ్ళలో పెట్టి, మునిగిన పండు బయటికి తీశాడు.

"పైడితల్లి అని ఒక పిల్ల ఉంది మాస్టారూ. మూడో తరగతిలో ఉండగా, అర్థం కాలేదు సార్ అని లేచి నిలబడేది. 'మొద్దూ, ఎన్నిసార్లు చెప్పాలే నీకు?' అని అందరి ముందూ తిట్టాను. ఇప్పుడు ఐదుకొచ్చింది. అర్థమైంది సార్ అని అందరికంటే గట్టిగా అరిచేది అదే. వేసవి వస్తే మా బడి వదిలి వెళ్ళిపోతుంది."

మాస్టారు తేలుతున్న పండు తీసి అరుగు మీద పెట్టారు.

"ఆ పిల్ల మళ్ళీ అడుగుతుందంటారా?"

"నాకూ తెలియదు" అన్నారు మాస్టారు. "పొద్దున్నే బడికి వెళ్ళి చూడు."