చివరి బంతి నీళ్ళు

కొండ ఊట నీళ్ళను మట్టి గొట్టాల్లో ఇంటింటికీ తెచ్చుకునే నగరం ఒకటి పూర్వం ఉండేది. దానికి రాజు దిగ్గజవర్మ. తన నీడ మీద ఎవరైనా కాలు పెడితే నీడను కడిగించేంత గొప్ప ఆయనది.

ఆ నగరంలో నీళ్ళు నడిచే దారి ముందుగా చెప్పుకోవాలి. కొండ దిగిన గొట్టం మొదట అద్దకంవాళ్ళ వీధికి వస్తుంది. అక్కడ నుంచి అంగడివీధికి, ఆ తరవాత మిగతా వీధులకు. పల్లంలో ఏటి ఒడ్డున ఉన్న కోటకు అన్నిటికంటే చివర. వాడిన నీళ్ళు పోవడానికి వేరే కాలువ ఉంది, కాబట్టి మంచినీళ్ళకు మకిలి అంటేది కాదు. ఈ ఏర్పాటు రాజుగారి ముత్తాత చేసింది. ఎవరు ఎంత రంధ్రం పెట్టుకోవచ్చు, గొట్టం పగిలితే ఎవరు బాగుచెయ్యాలి అని ఆయనే కట్టుబాట్లు కూడా రాయించాడు.

అవి పాతబడ్డాయి. ఊరు పెరిగింది, అతుకులు కారుతున్నాయి. వాటిని తిరగరాసే పని మంత్రి చిత్రభానుడికి అప్పగించారు. ఆయన రాసింది నిండు సభలో చదివాడు. అతుకుకు సున్నంలో బెల్లం నీళ్ళు కలపాలని, గొట్టాల మీద బళ్ళు నిలపకూడదని, అన్నీ పనికొచ్చే మాటలే. రాజు ఆవలించాడు.

ఆవలింత ముగిశాక, నీళ్ళు ముందు ఎవరికి అందుతాయని అడిగాడు. అద్దకంవాళ్ళకని మంత్రి చెప్పాడు.

"మరి మాకు?"

"చివర, ప్రభూ."

"అంటే ఇన్నేళ్ళుగా మేము తాగుతున్నది వాళ్ళ ఎంగిలా?"

మంత్రి అక్కడికక్కడే ఇంకో కట్టుబాటు చేర్చాడు. వచ్చే పౌర్ణమి నుంచి వీధి తూములన్నీ మూసేస్తారు. గొట్టం తిన్నగా కోటకు వస్తుంది. రాజుగారి కుండలు నిండాక, జనం కోట వెనక గుమ్మానికి వచ్చి పట్టుకుపోవాలి. ఈ రాజ్యంలో దేనికైనా రాజు ముందు, తక్కినవారు తరవాత అని పైన ఒక వాక్యం కూడా పెట్టాడు. రాజుకు అది బాగా నచ్చింది.

విదూషకుడు బొప్పన మాత్రం పెదవి విరిచాడు. రాజు చూశాడు.

"నచ్చలేదా బొప్పనా? పౌర్ణమిలోగా ఇందులో తప్పు చూపించు, కొట్టేయిస్తాం. చూపలేకపోయావో, కావడి కట్టి అద్దకం వీధికి నీళ్ళు నువ్వే మొయ్యాలి."

ఆ కబురు బొప్పన కంటే ముందు అద్దకం వీధి చేరింది. ఆ వీధికి పెద్ద సాయమ్మ. మోచేతుల దాకా నీలిరంగు ఆరని మనిషి. ఆమె వచ్చి బొప్పన అరుగు మీద కూర్చుంది. రంగువేసిన బట్టను పారే నీళ్ళలో జాడించకపోతే రంగు నిలవదని, పల్లం నుంచి ఎత్తుకు మోసుకొచ్చిన కడవలతో ఆ పని జరగదని చెప్పింది. తూము మూస్తే వీధి వీధంతా పొరుగు రాజ్యానికి పోవడమే, మూటలు కట్టడం అప్పుడే మొదలైందంది.

"నువ్వు మోసి పెడతావని ఆశపడదామంటే, ఆ భుజం చూడు బాబూ, కండువాకే ఒంగిపోతోంది."

"అందుకే సాయమ్మా, మొయ్యకుండా ఉండే దారి వెతుకుతున్నాను," అన్నాడు బొప్పన.

దారి పొరుగు రాజ్యం నుంచే వచ్చింది. అక్కడి రాయబారి పరివారంతో వస్తున్నాడని తెలిసి విందు ఏర్పాట్లు బొప్పన అడిగి పుచ్చుకున్నాడు. ఆ కోటలో ఒక ఆచారం ఉంది. అతిథులు వచ్చిననాడు రాజు భుజాన ఉత్తరీయం వేసుకుని నిలబడి, ఒక్కొక్క విస్తరినీ చూసి వడ్డింపించి, అందరూ లేచాక చివరి బంతిలో కూర్చుంటాడు.

కొత్త కట్టుబాటు భోజనాలకు కూడా వర్తిస్తుందా అని బొప్పన వినయంగా అడిగాడు.

"దేనికైనా అని ఉంది కదా. ఇక మేము ఆకలితో నిలబడటం ఉండదన్నమాట," అన్నాడు రాజు సంతోషంగా.

రాయబారి మధ్యాహ్నానికి వచ్చాడు. ప్రయాణపు ఆకలి మీద ఉన్నారు, దర్శనం రేపు చేసుకోవచ్చునని బొప్పన ఆయన్ని తిన్నగా భోజనశాలకు తీసుకుపోయాడు. అక్కడ ఒకే ఒక్క విస్తరి వేసి ఉంది. స్నానం చేసి, కిరీటం తీసేసి, పట్టుపంచెతో దిగ్గజవర్మ కూర్చుని పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాడు. తక్కినవాళ్ళు గోడవారగా నిలబడ్డారు.

రాయబారి ముసలివాడు, చెవి కాస్త మందం. గొంతు తగ్గించాననుకుంటూ, అందరికీ వినపడేలా బొప్పనను అడిగాడు.

"ఈ వచ్చిన చుట్టం ఎవరండీ? పాపం బాగా ఆకలి మీద ఉన్నట్టున్నారు."

బొప్పన నోరు తెరిచేలోగా ఆయనే మళ్ళీ అన్నాడు.

"కానివ్వండి, తిననివ్వండి. ఇంతకీ ఇంటి యజమాని ఏరీ? ఒక నమస్కారం పెట్టుకుందామని."

రాజు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. బొప్పనను దగ్గరకు పిలిచి, ఇదంతా ఏమిటని పళ్ళబిగువున అడిగాడు.

"కట్టుబాటు ప్రకారమే వడ్డించాను, ప్రభూ. మీరు ఇన్నేళ్ళూ చివరి బంతిలో తిన్నారు. మీరు తిన్నది ఎంగిలి కూడు అని ఎవరూ అనలేదు. ఆ మనిషిదే ఇల్లు అన్నారు. ఈవాళ ముందు కూర్చున్నారు. చూసినాయన చుట్టమనుకున్నాడు. నీళ్ళ బంతి కూడా అంతే. మీ ముత్తాతగారు ఊరందరికీ వడ్డించి, కోటను చివర కూర్చోబెట్టారు. పౌర్ణమి నుంచి ముందు కూర్చుంటానంటే మీ ఇష్టం. యజమాని ఏరీ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మాత్రం సెలవియ్యండి."

రాజు విస్తరి వైపు చూశాడు, గోడవార నిలబడ్డవాళ్ళను చూశాడు. మూతి మీది మీసం ముందు కదిలింది, తరవాత బొజ్జ కదిలింది. నవ్వి నవ్వి పొలమారితే బొప్పనే నెత్తిమీద తట్టాడు. చెయ్యి కడుక్కుని, ఉత్తరీయం భుజాన వేసుకుని రాయబారికి ఎదురెళ్ళి, ఇంటి యజమానిని నేనేనండీ, రండి అన్నాడు. ఆ పూట ఆఖరి విస్తరి ఆయనదే.

సున్నం, బెల్లం కట్టుబాట్లు ఉండిపోయాయి. మంత్రి చేర్చింది మంత్రి చేతే కొట్టేయించారు. దాని చోట, పై వీధులకు నీళ్ళు అందాయని కబురు వచ్చాకే కోట తూము తియ్యాలని రాజు రాయించాడు.

బొప్పనకు బహుమానంగా వెండి కుండల కావడి ఇచ్చాడు, కుండల నిండా విందులో చేసిన బూరెలు. అయితే తప్పు చూపించినా కావడి మోయాలన్నమాట అన్నమాటే, దాన్ని అద్దకం వీధికి స్వయంగా మొయ్యాలన్నాడు.

బొప్పన ఎత్తు ఎక్కేసరికి రొప్పుతున్నాడు. విప్పిన మూటల మధ్య నుంచి సాయమ్మ వచ్చి కావడి దింపింది.

"ముందు నువ్వొకటి తిను బాబూ, పడిపోయేలా ఉన్నావు."

"ఈ బంతికి యజమానిని నేను సాయమ్మా. ముందు నేనెలా తింటాను?"

వీధంతా తిన్నాక కుండ అడుగున ఒక బూరె మిగిలింది. దాని మీద నీలిరంగు వేలిముద్ర ఉంది. బొప్పన అది తిని, తూము దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగాడు.