పై అరలోని మల్బరీ పండ్లు

పలమనేరులో చెంగల్రాయుడు అనే బట్టల కొట్టు యజమాని ఉండేవాడు. అతనికి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, తోడల్లుడికి ఏమైనా ఇస్తే చూసి ఓర్చుకునే గుణం మాత్రం ఇవ్వలేదు.

ఆ తోడల్లుడి పేరు మునిరత్నం. చెంగల్రాయుడి భార్య సుగుణకు కోకిల అనే చెల్లెలు ఉండేది. ఆమెను మునిరత్నం పెళ్లి చేసుకున్నాడు. పాలకేంద్రంలో పని చేసేవాడు. మనిషి నెమ్మది. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. చెంగల్రాయుడికి అతనిలో బొత్తిగా నచ్చనిది కూడా అదే. తిట్టుకుందామంటే ఒక్క తప్పయినా దొరకాలి కదా!

మునిరత్నం రాకముందు ఏడేళ్లపాటు ఆ ఇంటికి చెంగల్రాయుడు ఒక్కడే అల్లుడు. అతను గడప తొక్కగానే అత్తగారు అలివేలమ్మ ఫ్యాను కింద కుర్చీ వేసేది. ఓళిగల మీద తానే స్వయంగా నెయ్యి పోసేది. చిన్నల్లుడు వచ్చాక కుర్చీలు రెండయ్యాయి. నెయ్యి గిన్నె రెండు విస్తళ్ల దగ్గరా ఆగడం మొదలుపెట్టింది. అలివేలమ్మ ఇద్దరికీ సమానంగానే వడ్డించేది. కానీ చెంగల్రాయుడు తన విస్తరి చూసుకుని తింటేగా! అతని కళ్లు ఎప్పుడూ పక్క విస్తరి మీదే ఉండేవి. తనకు రెండు ఓళిగలు వేశారన్న సంతోషం ఉండేది కాదు, మునిరత్నానికీ రెండు వేశారన్న బాధ మాత్రం అరిగేది కాదు.

ఒక ఏడాది ఎండలు ముదిరే వేళకు అలివేలమ్మకు విషజ్వరం వచ్చింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంది. జ్వరం తగ్గింది గానీ నోరు చచ్చిపోయింది. గంజి రెండు గుటకలకు మించి దిగేది కాదు. పిడికెడు మనిషి అయిపోయింది.

"సోమవారం ఇంటికి పంపిస్తాను. అప్పట్నుంచి ఆమె ఇష్టపడి ఏది అడిగితే అది పెట్టండి. నాలుగు ముద్దలు తింటేనే కోలుకుంటుంది," అని శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ చెప్పింది.

కూతుళ్లూ అల్లుళ్లూ మంచం చుట్టూ చేరారు.

"ఏం తినాలనుందమ్మా?" అని సుగుణ అడిగింది.

"చిన్నప్పుడు మా నాయన పట్టుపురుగులు సాకేవాడు గదా. ఆకు కోసేదానికి పొయ్యి, చెట్టు మీది నల్లటి మల్బరీ పండ్లు తినేదాన్ని. అట్లాంటివి దొరికితే నాలుగు తింటానేమో," అంది అలివేలమ్మ.

ఊరి బయట ఎల్లప్ప అనే రైతుకు మల్బరీ తోట ఉండేది. అతను పట్టుపురుగుల పని మానేసి, చెట్లను పండ్ల కోసమే వదిలేశాడు. శనివారం ఒక్కరోజే జనాన్ని తోటలోకి రానిచ్చేవాడు. ఎవరి పండ్లు వాళ్లే కోసుకోవాలి. అంటే శనివారం కోసిన పండ్లను సోమవారం దాకా చెడకుండా కాపాడుకోవాలన్న మాట.

'అత్తమ్మ నోట్లో పడే మొదటి పండు నాదే కావాలి. మునిరత్నానిది కాకూడదు,' అని చెంగల్రాయుడు ఆ రాత్రే పట్టు పట్టాడు. ఆమె తింటే చాలు, కోలుకుంటే చాలు అన్న ఆలోచన అతనికి రాలేదు.

శనివారం తెల్లవారగానే అతను తోటకు వెళ్లాడు. మునిరత్నం అప్పటికే అక్కడ ఉన్నాడు.

"రా అన్నా," అని మునిరత్నం నవ్వాడు.

'చూశావా, నాకన్నా ముందే వచ్చి కూర్చున్నాడు!' అని చెంగల్రాయుడు పళ్లు కొరుక్కున్నాడు.

ఎల్లప్ప ఇద్దరికీ చెరొక చేట ఇచ్చాడు. "ఇవి మెత్తని పండ్లు సామీ. ఒకదాని మీద ఒకటి పోస్తే అడుగువి చితికిపోతాయి. చేటలో పలచగా పరిచినట్టు కోసుకోండి. తాకితే చేతిలోకి రాలిపడేదే పండు. పట్టి లాగాల్సి వస్తే అది ఇంకా కాయే. ఇంటికి పోయినాక కడగొద్దు, తినేటప్పుడు కడుక్కోండి. తడి మీద పెడితే తెల్లారేసరికి బూజు పడతాది. దినమూ ఒకసారి చూసి, మెత్తబడినవి ఏరెయ్యండి," అన్నాడు.

మునిరత్నం శ్రద్ధగా విన్నాడు. చెంగల్రాయుడు వినలేదు. అతను మునిరత్నం చేతిలోని చేట వంక చూస్తున్నాడు. అది తన చేటకన్నా ఒక వేలు వెడల్పుగా ఉన్నట్టు అతనికి తోచింది.

ఇద్దరూ చెరొక చెట్ల సాలులో కోయడం మొదలుపెట్టారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! పది పండ్లు కోసేసరికి చెంగల్రాయుడికి పక్క సాలులోని పండ్లు మరీ నల్లగా, మరీ లావుగా కనిపించాయి.

"తమ్ముడూ, నువ్వు ఈ సాలుకు రా. అక్కడ నేను కోస్తా," అన్నాడు.

"సరే అన్నా," అని మునిరత్నం మారాడు.

కాసేపటికి చెంగల్రాయుడికి తాను వదిలిన సాలే బాగున్నట్టు అనిపించింది. మళ్లీ మారమన్నాడు. మునిరత్నం మళ్లీ మారాడు. అటూ ఇటూ తిరగడంలోనే పొద్దెక్కింది. మునిరత్నం చేట నిండింది, చెంగల్రాయుడి చేటలో సగం కూడా లేదు.

చెంగల్రాయుడికి ఒళ్లు మండిపోయింది. బండికి తగిలించిన బకెట్టు తెచ్చాడు. నల్లవీ ఎర్రవీ చూడకుండా గుప్పెళ్లతో దూశాడు. బకెట్టు నిండాక, ఇంకా పట్టాలని పైనుంచి అరచేత్తో అదిమాడు. మునిరత్నానిది ఒక చేటే, తనది ఒక బకెట్టు! అప్పటికి గానీ అతని మనసు కుదుటపడలేదు.

"సామీ, అడుగున రసం కారతా ఉండాది," అన్నాడు ఎల్లప్ప.

"నా పండ్ల సంగతి నాకు తెలుసులే," అని చెంగల్రాయుడు బండెక్కాడు.

ఇద్దరూ పండ్లు తీసుకుని, కొన్నాళ్లుగా అందరూ ఉంటున్న అత్తగారింటికే వచ్చారు. కోకిల ఒకే రకం స్టీలు డబ్బాలు రెండు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. మునిరత్నం డబ్బాలో పొడిగుడ్డ పరిచి, చితికినవి పక్కకు తీసి, మంచి పండ్లను మెల్లగా సర్దాడు. వాటి మీద తోట దుమ్ము అలాగే ఉంది. అది చూసి చెంగల్రాయుడు తన పండ్లను కుళాయి కింద పెట్టి కడిగాడు. నల్లగా నిగనిగలాడాయి.

"కడగొద్దని ఎల్లప్ప చెప్పినాడంట గదా?" అంది సుగుణ.

"నీకు ఎవరు చెప్పినారు? ఆ మునిరత్నమే చెప్పుంటాడు. నావి మెరిసిపోతాయని వాడి ఏడుపు," అన్నాడు చెంగల్రాయుడు. తన ఏడుపును ఇంకొకరి ముఖాన పులమడం అసూయపరులకు అలవాటే.

తడి పండ్లను డబ్బాలోకి కుక్కి మూత బిగించాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి, "నేను పెద్దల్లుడిని. పై అర నాది," అన్నాడు. మునిరత్నం తన డబ్బాను కింది అరలో పెట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం మునిరత్నం వంటింట్లో భార్యతో మాట్లాడుతుంటే చెంగల్రాయుడి చెవిన పడింది.

"పండ్లకు ఏం కాలేదు కోకిలా. నేను చూసినా. రేపు అత్తమ్మ కడుపారా తింటాది," అంటున్నాడు మునిరత్నం.

తోటలో చెవిన పడినా పట్టించుకోని ఎల్లప్ప బూజు మాట చెంగల్రాయుడికి ఇప్పుడు గుర్తొచ్చింది. తన డబ్బా మూత తీసి చూద్దామంటే చెయ్యి రాలేదు. 'వాడి పండ్లు బాగుండి నావి చెడిపోతే? అందరి ముందూ వాడే గొప్పవాడవుతాడు. నా పరువేం కాను?' అని తెల్లవార్లూ దొర్లాడు.

సోమవారం పొద్దున అందరూ అలివేలమ్మను తీసుకురావడానికి బయలుదేరారు. తలనొప్పిగా ఉందని చెప్పి చెంగల్రాయుడు ఇంట్లో ఉండిపోయాడు. ఆటో మలుపు తిరగగానే ఫ్రిజ్ తెరిచాడు. పై అర డబ్బాను కింద పెట్టాడు, కింది అర డబ్బాను పైన పెట్టాడు. మూత తీసి చూడలేదు. మునిరత్నం పండ్లు మంచివని మునిరత్నం నోటనే విన్నాడు, ఇక చూసేదేముంది? తలుపు మూశాక అతని తలనొప్పి మాయమైంది.

మధ్యాహ్నానికి అలివేలమ్మ ఇంటికి వచ్చింది. గోడకు దిండు వేసి కూర్చోబెట్టారు. ఎవరూ అడగకముందే చెంగల్రాయుడు లేచి పై అర డబ్బా తెచ్చాడు.

"అత్తమ్మా, నా చేత్తో కోసి, నా చేత్తో దాచిన పండ్లు. ముందు ఇవి తినాలి," అని ఆమె ముందు పెట్టి మూత తీశాడు.

గుప్పున పులిసిన వాసన వచ్చింది. పైనంతా తెల్లటి బూజు, కింద రొచ్చు. అలివేలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది. పది రోజుల తర్వాత ఆశగా చాచిన చెయ్యి మళ్లీ ఒడిలో పడింది.

"ఇవి నావి కావు!" అని చెంగల్రాయుడు అరిచాడు. "ఇవి మునిరత్నం పండ్లు! పొద్దున నేనే కదా మార్చి..."

నాలుక కరుచుకున్నాడు. కానీ మాట అప్పటికే బయట పడిపోయింది.

మునిరత్నం తెల్లబోయి చూశాడు. "మార్చినావా? అయ్యో అన్నా, ఎంత పని చేసినావు! నిన్ననే నేను మార్చి పెట్టింటిని గదా."

"నువ్వు మార్చడమేంటి?"

"నిన్న నా పండ్లు చూసుకుందామని తలుపు తీస్తే పై అర నుంచి వాసన కొట్టింది. తీసి చూస్తే నీ పండ్లు అన్నీ పోయినాయి. నువ్వు ఈ ఇంటికి ముందొచ్చిన అల్లుడివి. అత్తమ్మ ముందర నీ మాట పోకూడదని నా డబ్బా పై అరలో పెట్టి, నీ డబ్బా కింద పెట్టినా. అడిగితే నావే చెడిపోయినాయని చెప్పుకుందామనుకున్నా."

సుగుణ సిగ్గుతో తల దించుకుంది. కోకిల వెళ్లి కింది అర డబ్బా తెచ్చి, నాలుగు పండ్లు కడిగి తల్లి చేతిలో పెట్టింది. అలివేలమ్మ ఒకటి తింది. ఇంకొకటి తింది. నాలుగూ తిని ఇంకో నాలుగు అడిగింది. చిన్నల్లుడి పండ్లన్న మాట ఆ ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. చెంగల్రాయుడు మార్చకపోయి ఉంటే అందరూ అతనివే అనుకునే పండ్లు అవి.

చెంగల్రాయుడు పాడైన డబ్బా పట్టుకుని నిలబడే ఉన్నాడు. అలివేలమ్మ అతని వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"నేను నీకేం తక్కువ చేసినాను నాయనా?" అని అడిగింది.

పదమూడేళ్లలో ఆమె తనకు తక్కువ చేసిన రోజు అతనికి ఒక్కటీ గుర్తు రాలేదు. డబ్బా కింద పెట్టి, "నాదే తప్పు అత్తమ్మా. తమ్ముడూ, తప్పయింది," అన్నాడు.

నీతి: పరుల మేలు చూసి ఓర్వలేనివాడు, తనకు దక్కిన మేలును తన చేతులతోనే పోగొట్టుకుంటాడు.